కొలతల మార్పు: సేద్యగాండ్రకొక లెక్కపాఠము

పనిమీద హైదరాబాదునకు వచ్చు సేద్యగాడు నాంపల్లి స్టేషనులో దిగి అబిడ్సు చేరులోపల ఎన్ని విధముల కొలతలను దాటిపోవునో గమనింపదగినది. స్టేషను పేరుపలకపై సముద్రమట్టమునుండి యెత్తు మీటర్లలో వ్రాసియుండును. నాంపల్లి స్టేషను రోడ్డులోని భూపరిపాలన ప్రధాన కమీషనరు కార్యాలయమున భూమి మాట ఎకరములు, గుంటలలో నడచును. ఇంటిస్థలము బేరమాడువారు గజములందురు. అబిడ్సు తపాలా కార్యాలయమున జాబును గ్రాములలో తూచెదరు. పూర్వము దానిని తులముల లెక్కన తూచెడివారు. బంగారపు అంగడిలో నేటికిని తులమను మాట వినబడును. కాని యిప్పటి వ్యాపారమున పలువురు తులమనగా 10 గ్రాములని యెంచుచున్నారు. పూర్వపు తులము 11.66 గ్రాములు. మాట యొక్కటే, బరువులు రెండు.

దేశమున దశాంశ నాణెములు 1957 ఏప్రిలు 1 నుండియు, మెట్రికు తూనికలు 1958 అక్టోబరు 1 నుండియు అమలులోనికి వచ్చెను. అయినను నేలకొలతలో పాతవి పోలేదు. ఎరువుల సిఫారసు హెక్టారునకు, పట్టా గుంటలకు, కాలువనీరు క్యూసెక్కులకు, జలాశయము టీఎంసీలకు వ్రాయబడుచున్నది. ఒకదానినుండి మరియొకదానికి మారుటలో పొరపడినచో పోవునది కాగితముమీది అంకె కాదు. నేలయు, ఎరువును, సొమ్మును పోవును. కావున ఈ మార్పును తప్పులేకుండ చేయుటకు ఒక పద్ధతిని సంఘ సభ్యులకు ఈ పాఠమున వివరించెదము. దీనికి గుణకార భాగహారములు తెలిసిన చాలును.

1. పేరులేని అంకె కొలత కాదు

మొదటి నియమ మిది: ఏ అంకెను వ్రాసినను దాని ప్రక్కన ప్రమాణము పేరును తప్పక వ్రాయవలయును. ఇది పిల్లలకు చెప్పు మాటవలె తోచవచ్చును. కాని మన పట్టాలలోనే దీని యవసరము కనబడుచున్నది.

తెలంగాణపు భూమి కాగితములలో 1.20 అని యున్నచో దాని యర్థము ఒక ఎకరము ఇరువది గుంటలు. 40 గుంటలు ఒక ఎకరము గనుక ఇది 60 గుంటలు, అనగా ఒకటిన్నర ఎకరము. ఆంధ్ర జిల్లాలలో అదే 1.20 కి ఒక ఎకరము ఇరువది సెంట్లు అని యర్థము. 100 సెంట్లు ఒక ఎకరము గనుక అది 48 గుంటలు మాత్రమే. ఈ రెంటికిని భేదము 12 గుంటలు, అనగా 1,452 చదరపు గజములు. కాగితముమీద అంకెలో భేద మేమియు లేదు. సరిహద్దు దాటినంతనే నేల మారినది.

మరియు తెలంగాణపు పట్టాలోని చుక్క దశాంశపు చుక్క కాదు. అది ఎకరములను గుంటలను వేరుచేయు గుర్తు మాత్రమే. 1.25, 1.25 గల రెండు మడులను లెక్కయంత్రముమీద కూడినచో 2.50 వచ్చును. దానిని రెండున్నర ఎకరములని చదివినవాడు 100 గుంటలకే యజమాని యగును. నిజమునకు ఒక్కొక్క మడి 65 గుంటలు. రెండును కలిసి 130 గుంటలు, అనగా 3 ఎకరముల 10 గుంటలు. అన్నదమ్ముల పంపకమున ఇట్టి తప్పు దొరలినచో 30 గుంటలు లెక్కలోనికి రాకయే పోవును.

2018 లో రైతుబంధు పథకము మొదలైనప్పుడు ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయలు నిర్ణయింపబడెను. ఆ లెక్కన గుంటకు 100 రూపాయలు. 1.20 గలవానికి 60 గుంటలకు రావలసినది 6,000 రూపాయలు. 1.20 ని దశాంశముగా భావించి 4,000 తో గుణించినవానికి 4,800 మాత్రమే తోచును. తనకు రావలసినదెంతయో తానే యెరుగనివాడు తక్కువ వచ్చినప్పుడు అడుగజాలడు.

కావున గుంటల లెక్క చేయునప్పుడు మొదట అంతయు గుంటలలోనికి మార్చుకొని, కూడికయు పంపకమును ముగిసిన తరువాతనే మరల ఎకరములుగా వ్రాయవలయును.

2. ఒకటితో గుణించుట

మన పూర్వులు కొలతల లెక్కలను త్రైరాశికముతో చేసెడివారు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో వ్రాసిన నాటినుండియు త్రైరాశికము మన బడులలో నిలిచియున్నది. ఒక్క మెట్టు లెక్కకు అది చాలును. మెట్లు నాలుగైదు ఉన్నప్పుడు మాత్రము దేనిని గుణింపవలెనో దేనితో భాగింపవలెనో తికమక కలుగును. అందులకు ఈ క్రింది పద్ధతి మేలు.

ఏ సంఖ్యనైనను ఒకటితో గుణించిన మారదు గదా. 1 గుంటయు 121 చదరపు గజములును ఒకే నేల. కావున

121 చదరపు గజములు / 1 గుంట

అను భిన్నము విలువ ఒకటియే. దీనిని మార్పు గుణక మందము. దీనిని తలక్రిందు చేసినను విలువ ఒకటియే. ఏ కొలతనైనను దీనితో గుణించినచో నేల మారదు, పేరు మాత్రము మారును.

60 గుంటలు × (121 చదరపు గజములు / 1 గుంట) = 7,260 చదరపు గజములు

పైన గుంట, క్రింద గుంట. రెండును అంకెలవలెనే కొట్టివేయబడి చదరపు గజములు మిగిలెను. గుణకమును పొరబాటున తలక్రిందుగా వేసియున్నచో ఏమగును? జవాబు ప్రక్కన గుంట × గుంట / చదరపు గజము అను అర్థములేని పేరు మిగులును. ఆ పేరే తప్పును పట్టియిచ్చును. ఇట్లు పేర్లను అంకెలతోపాటు గుణించి, భాగించి, కొట్టివేసి చూచుటయే మితి విశ్లేషణము. జ్ఞాపకశక్తిమీద ఆధారపడక, వ్రాసిన వరుసయే మనకు కావలి కాయును.

సేద్యగానికి కావలసిన గుణకములు కొన్నియే:

1 గుంట = 33 అడుగుల చదరము = 1,089 చదరపు అడుగులు = 121 చదరపు గజములు = 101.17 చదరపు మీటర్లు
1 గుంట = 2.5 సెంట్లు
1 ఎకరము = 40 గుంటలు = 100 సెంట్లు = 4,840 చదరపు గజములు = 43,560 చదరపు అడుగులు
1 హెక్టారు = 10,000 చదరపు మీటర్లు = 2.471 ఎకరములు

3. యూరియా లెక్క

ఒక సిఫారసు పత్రమున వరికి హెక్టారునకు 120 కిలోల నత్రజని యని యున్నదనుకొందము. ఈ అంకె లెక్క చూపుటకే. మీ పొలమునకు తగిన మోతాదు మట్టిపరీక్షనుబట్టి వ్యవసాయాధికారి చెప్పవలసినది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. యూరియా బస్తా 2018 మార్చి వరకు 50 కిలోలు. ఆ తరువాత 45 కిలోలుగా మార్చబడెను. పొలము 1 ఎకరము 20 గుంటలు. ఎన్ని బస్తాలు కావలెను?

60 గుంటలు × (101.17 చ.మీ. / 1 గుంట) × (1 హెక్టారు / 10,000 చ.మీ.) × (120 కిలోల నత్రజని / 1 హెక్టారు) × (100 కిలోల యూరియా / 46 కిలోల నత్రజని) × (1 బస్తా / 45 కిలోల యూరియా)

గుంటలు గుంటలతోను, చదరపు మీటర్లు చదరపు మీటర్లతోను, హెక్టారు హెక్టారుతోను, నత్రజని నత్రజనితోను, యూరియా యూరియాతోను పోయి, తుదకు బస్తా యొక్కటే మిగిలెను. జవాబు సుమారు మూడున్నర బస్తాలు, అనగా 158 కిలోలు.

ఇందు ఒక్కొక్క తప్పునకు వెల యెంతో చూడుడు. 1.20 ని దశాంశపు ఎకరములుగా తీసికొన్నచో 127 కిలోలు వచ్చును. పైరునకు 31 కిలోల యూరియా తక్కువ పడును. హెక్టారునకు చెప్పినదానిని ఎకరమునకని పొరబడినచో 391 కిలోలు, అనగా 8.7 బస్తాలు వచ్చును. సొమ్ము రెండున్నర రెట్లు పోవుటయే కాక, అధిక నత్రజనివలన పైరు పడిపోవును, చీడపీడలు హెచ్చును. బస్తా యింకను 50 కిలోలే యని యెంచినచో ప్రతి బస్తాకు 5 కిలోలు తగ్గును. ఈ మూడు తప్పులును గుణకార భాగహారములు రాకపోవుటవలన గాక, పేర్లు వ్రాయకపోవుటవలన కలుగునవే.

4. చదరము, ఘనము

పొడవును మార్చు గుణకముతో వైశాల్యమును మార్చరాదు. 1 గజమునకు 3 అడుగులు; కాని 1 చదరపు గజమునకు 3 × 3 = 9 చదరపు అడుగులు. ఘనమునకైనచో మూడుమార్లు గుణింపవలెను: 27 ఘనపుటడుగులు. స్థలము బేరములలో చదరపు గజమును ఉత్త గజమని పిలుచు వాడుక యున్నందున ఈ తప్పు సులభముగా జరుగును. పటములు చదువునప్పుడును ఇంతియే. 1కి 5,000 నిష్పత్తి గల పటమున 1 సెంటీమీటరు 50 మీటర్లు; కాని 1 చదరపు సెంటీమీటరు 50 × 50 = 2,500 చదరపు మీటర్లు, అనగా సుమారు 25 గుంటలు.

ఇక జాతివేరైన కొలతలను ఏ గుణకమును కలుపజాలదు. మానిక, తూము పరిమాణపు కొలతలు, కిలో తూనిక. ఒక మానిక వడ్లును ఒక మానిక పెసలును ఒకే బరువు తూగవు. కావున మానికలను కిలోలుగా మార్చవలెనన్న ఆ గింజను ఒక మానిక తూచి చూచి, ఆ గింజకు వేరుగా గుణకము కట్టుకొనవలెను. సంఘపు గిడ్డంగికి ధాన్యము తోలువారు ఈ సంగతి మరువరాదు.

5. పెద్ద సంఖ్యలు, పది ఘాతములు

జలాశయముల వార్తలలో సున్నలు లెక్కకు మించియుండును. ఒక సున్న జారినచో పదిరెట్ల తప్పు. అందులకు శాస్త్రజ్ఞులు వాడు వ్రాత యిది: సంఖ్యను 1 కి తక్కువగాక 10 కి లోబడిన అంకెగా వ్రాసి, ప్రక్కన పదిని ఎన్నిమార్లు గుణింపవలెనో చిన్న అంకెతో పైన చూపుదురు. వేయి 10³, లక్ష 10⁵, కోటి 10⁷. ఎకరమునందలి 43,560 చదరపు అడుగులను 4.356 × 10⁴ అని వ్రాయుదురు. ఒకటిలో భాగమైనచో ఘాతము ఋణము: ఒక మిల్లీమీటరు 10⁻³ మీటరు. గుణించునప్పుడు ఘాతములను కూడవలెను, భాగించునప్పుడు తీసివేయవలెను. సున్నలను లెక్కించు శ్రమ తప్పును.

ఒక టీఎంసీ యనగా వేయి మిలియను ఘనపుటడుగులు. వేయి 10³, మిలియను 10⁶. కలిసి 10⁹, అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇది నీటి రాశి. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. ఇది నీటి పారుదల వేగము. ఈ రెండును జాతివేరు. "ఇన్ని వేల క్యూసెక్కులు వచ్చుచున్నవి, కావున ఇన్ని టీఎంసీలు నిండును" అని కాలము చెప్పకుండ అన్నచో ఆ మాటకు అర్థము లేదు. మధ్య కాలమను గుణకము కావలెను. దినమునకు 24 × 60 × 60 = 86,400 సెకనులు, అనగా 8.64 × 10⁴.

1 టీఎంసీ = 10⁹ ఘనపుటడుగులు; 10⁹ / (8.64 × 10⁴) = 1.157 × 10⁴

అనగా 11,574 క్యూసెక్కులు ఒక దినమంతయు పారిన ఒక టీఎంసీ యగును. ఒక టీఎంసీని ఒక అడుగు లోతున నిలిపినచో ఎంత నేల తడియును?

10⁹ ఘ.అ. × (1 ఎకరము / 4.356 × 10⁴ చ.అ.) × (1 / 1 అడుగు) = 2.296 × 10⁴ ఎకరములు

అనగా సుమారు 22,957 ఎకరములు. నాగార్జునసాగరము పూర్తి నిల్వ 312 టీఎంసీలు. 312 × 2.296 × 10⁴ = 7.16 × 10⁶, అనగా 71.6 లక్షల ఎకరములపై అడుగు నీరు. ఆవిరియు, ఇంకుడును, వాడుకకు రాని అడుగునీరును ఇందు లెక్కింపబడలేదు.

తూము క్రింది సేద్యగానికి కావలసిన చిన్న లెక్క యిది: ఒక క్యూసెక్కు ఒక దినము పారినచో 8.64 × 10⁴ ఘనపుటడుగులు, దీనిని 4.356 × 10⁴ చేత భాగింప 1.98. అనగా ఒక క్యూసెక్కు దినమంతయు పారిన రెండెకరములపై దాదాపు అడుగు నీరు, లేక ఎనిమిది ఎకరములపై మూడంగుళములు. మీ వంతు గంటలలో వచ్చినచో ఇదే లెక్కను 24 చేత భాగించుకొనుడు. వారబందీ పంపకమున మీకు దక్కినది సరియో కాదో దీనితో తేలును.

6. పెద్దవారికిని తప్పు తప్పలేదు

ఇది చదువురానివారికే వచ్చు తప్పని యెంచరాదు. 1983 జూలై 23 న ఎయిర్ కెనడా వారి బోయింగు 767 విమానము 41,000 అడుగుల యెత్తున ఇంధనము లేక ఇంజనులు ఆగిపోయెను. దానికి కావలసిన ఇంధనము 22,300 కిలోలు. తొట్లలో ఉన్నది 7,682 లీటర్లు. లీటర్లను కిలోలుగా మార్చుటకు 0.803 ను వాడవలసియుండగా 1.77 ను వాడిరి. 1.77 అనునది లీటరు ఇంధనము ఎన్ని పౌనులో తెలుపు అంకె. తత్ఫలితముగా 20,088 లీటర్లు నింపవలసినచోట 4,917 లీటర్లు మాత్రమే నింపిరి. విమానచోదకులు ఇంజనులు లేకయే దానిని గిమ్లీ యనుచోట దింపి అందరి ప్రాణములను కాపాడిరి. 1.77 ప్రక్కన "పౌనులు / లీటరు" అని వ్రాసియున్నచో, కిలోలు కొట్టివేయబడక పౌనులు మిగిలి, నేలమీదనే తప్పు బయటపడెడిది. పేరులేని అంకెయే ఇంత పని చేసినది.

7. పాత కాగితములు

ఇంటనున్న పాత బాకీ పత్రములు, శిస్తు రసీదులు చదువునప్పుడును ఈ పద్ధతి యుపకరించును. హైదరాబాదు సంస్థానమున ధాన్యమును పల్లాలలో లెక్కించెడివారు. పల్లా 120 సేర్లు, సేరు 80 తులములు, తులము 11.664 గ్రాములు. కావున

1 పల్లా × (120 సేర్లు / పల్లా) × (80 తులములు / సేరు) × (11.664 గ్రాములు / తులము) = 1.12 × 10⁵ గ్రాములు = 112 కిలోలు

నాణెములును రెండు విధములు. సంస్థానపు హాలీ సిక్కా యొకటి, బ్రిటిషు ఇండియా కల్దారు మరియొకటి. 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు సమానము. ఒక కాగితమున పల్లా 28 హాలీ రూపాయలని యున్నదనుకొందము:

(28 హాలీ / పల్లా) × (6 కల్దారు / 7 హాలీ) × (1 పల్లా / 112 కిలోలు) = 0.214 కల్దారు / కిలో

సేరు మాత్రము చోటునుబట్టి మారెడిది. కావున పాత పత్రమున సేరు కనబడినప్పుడు అది ఎన్ని తులముల సేరో మొదట తెలిసికొని పిదప లెక్కకు పూనుకొనవలెను.

8. అభ్యాసములు

సభ్యులు ఈ క్రింది లెక్కలను ఇంటిలోని పిల్లలతో కూడ చేయింతురు గాక.

(1) ఎకర గుంటలలో 2.30 గల పొలమును 1.35 గల పొలమును కలిపిన ఎంత?
(2) దస్తావేజులో 1,815 చదరపు గజములని యున్నది. ఎన్ని గుంటలు?
(3) 20 గుంటల మడిపై ఒక అంగుళము వాన కురిసిన ఎన్ని లీటర్ల నీరు? (ఒక అంగుళము 25.4 మిల్లీమీటర్లు, ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు.)
(4) 3 క్యూసెక్కుల నీరు రాత్రి 8 గంటలు పారిన ఎన్ని ఎకరములపై అడుగు నీరు నిలుచును?

జవాబులు: (1) 110 గుంటలు, 75 గుంటలు కలిసి 185 గుంటలు, 4 ఎకరముల 25 గుంటలు. (2) 15 గుంటలు. (3) సుమారు 5.14 × 10⁴ లీటర్లు. (4) 1.98 ఎకరములు.

ముగింపు మాట

నాంపల్లి, అబిడ్సు ప్రాంతములకు పట్టా పనిమీదనో, క్రయవిక్రయముల మీదనో వచ్చు సభ్యులు బయలుదేరుటకు ముందు ఒక చీటిమీద తమ నేలను గుంటలలోను, చదరపు గజములలోను, చదరపు మీటర్లలోను, ప్రతి అంకె ప్రక్కన పేరుతో వ్రాసికొని జేబున నుంచుకొనుట మంచిది. కార్యాలయమున ఎవరు ఏ కొలతలో అడిగినను తడబాటు లేక చెప్పవచ్చును. ఎవరైన ఉత్త అంకె చెప్పినచో, "అది దేని లెక్క?" అని మర్యాదగా అడుగుడు. ఆ యొక్క ప్రశ్న అడుగనందుననే 12 గుంటల నేల చుక్కలో కలిసిపోవచ్చును.